మన ఇంటి పిల్లలు ఏ పనిని చూపించాలి?

మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని ఏడాదిన్నర అయింది. నిరుటి షాబాన్ మాసంలో ఒకనాడు అస్ర్ నమాజు తరువాత నేను మద్రసా వరండాలో విద్యార్థుల కాపీలు దిద్దుకుంటూ ఉండగా అతడు వచ్చి సలాం చేసి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు నోరు విప్పలేదు. ముందురోజు హైదరాబాదులో ఒక సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాడని నాకు తెలుసు. ఏమైందని అడగడానికి మనసొప్పలేదు. చివరకు అతడే చెప్పాడు.

"మామూ, వాళ్లు కష్టమైన ప్రశ్న ఏమీ వేయలేదు. నా ప్రాజెక్టును తెర మీద తెరిచి, ఈ పంక్తి ఇక్కడ ఎందుకుంది, దీన్ని తీసేస్తే ఏమవుతుంది అని మాత్రమే అడిగారు. నాకు తెలియలేదు."

ఎలా తెలుస్తుంది? అది అతడు రాసినది కాదు. చివరి సంవత్సరంలో తోటివారందరితోపాటు అమీర్‌పేట వెళ్లి 8,000 రూపాయలకు కొనుక్కొచ్చినది. గ్రంథాలయ నిర్వహణ గురించిన ప్రాజెక్టు. పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం, ఆలస్యమైతే జరిమానా వేయడం. కళాశాలలో దానికి మంచి మార్కులే వచ్చాయి. ఆ 8,000 రూపాయలు మా చెల్లెలు కుట్టుపని చేసి కూడబెట్టుకున్నది. కొడుకు చదువుకు కావలసిన సామాను కొంటున్నాడనే ఆమె అనుకుంది. ఇంటర్వ్యూ పోయినందుకు కాదు, ఆ సంగతి అమ్మీకి ఇప్పుడు ఏమని చెప్పాలన్నందుకు అతడు ఎక్కువ కుమిలిపోతున్నాడని నాకు కొద్దిసేపటికి అర్థమయింది.

ప్రియ పాఠకులారా! నేను కంప్యూటరు విద్య నేర్చినవాణ్ణి కాను. అరబీ వ్యాకరణం, ఫిఖ్‌హ్ బోధించడంలోనే నా జీవితం గడిచింది. అయినప్పటికీ ఆ సాయంత్రం మొదలు ఐదారు నెలలపాటు ఆ కుర్రవాడి పక్కన కూర్చుని నేను చూసినవి, ఆ రంగంలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థులను అడిగి తెలుసుకున్నవి మన కుటుంబాలకు పనికొస్తాయన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎందుకంటే మన ఇళ్లలో తల్లిదండ్రులు ఫీజు కట్టడం వరకే తమ బాధ్యత అనుకుంటున్నారు. పిల్లవాడు ఏమి చేస్తున్నాడో అడిగితే "మీకు అర్థం కాదు" అంటాడు. నిజానికి ఇందులో అర్థం కానిది చాలా తక్కువ.

ముందుగా, ఉద్యోగమిచ్చేవారు ప్రాజెక్టు ఎందుకు చూస్తారు? వారి బల్ల మీదికి వచ్చే దరఖాస్తులన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. అదే పట్టా, అవే కోర్సుల పేర్లు, అవే భాషలు: జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్. వడ్రంగిని పనికి పిలిచేటప్పుడు మనం అతడి సర్టిఫికెట్టు అడుగుతామా? "ఎక్కడైనా చేసిన తలుపు ఉంటే చూపించు" అంటాము. ఇదీ అంతే. ఆ తలుపును పెట్టి చూపించే చోటుకు గిట్‌హబ్ అని పేరు. 2008లో మొదలైన ఈ వెబ్‌సైటులో ప్రోగ్రాములు రాసేవారు తమ పనిని అందరికీ కనిపించేలా భద్రపరుస్తారు. దాని వెనుక ఉన్న గిట్ అనే సాధనాన్ని 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేశాడు. దాని ముఖ్య లక్షణం ఏమిటంటే, రాసిన వ్యక్తి ఒక్కొక్క మార్పును భద్రపరచినప్పుడల్లా తేదీ, వేళ, ఏమి మార్చాడో ఒక వాక్యం, అన్నీ వరుసగా నమోదవుతాయి. ఆరు వారాలు కష్టపడి చేసిన పనికి ఆరు వారాల చరిత్ర కనిపిస్తుంది. కొనుక్కొచ్చినది ఒకే రాత్రి ఒకే మూటగా వచ్చి పడి ఉంటుంది. చూసేవారికి ఆ తేడా చెప్పనక్కరలేదు.

ఇక అరిగిపోయిన ప్రాజెక్టులు కొన్ని ఉన్నాయి. చేయవలసిన పనుల జాబితా, వాతావరణం చూపే పుట, కాలిక్యులేటరు, గ్రంథాలయం, హాజరు పట్టీ, సినిమాలు చూపే పెద్ద సంస్థల వెబ్‌సైటుకు నకలు. గణాంకాల వైపు వెళ్లేవారైతే టైటానిక్ ఓడలో ఎవరు బతికి ఉంటారో అంచనా వేసే అభ్యాసం. ఇవి నేర్చుకోవడానికి మంచివే. మా మద్రసాలో కూడా మొదటి ఏడాది పిల్లవాడు "జైద్ అమ్ర్‌ను కొట్టాడు" అన్న వాక్యంతోనే వ్యాకరణం మొదలుపెడతాడు. అరబీ వ్యాకరణ గ్రంథాలలో పాపం ఆ జైద్ శతాబ్దాలుగా కొడుతూనే ఉన్నాడు. కానీ ఆ వాక్యం చూపించి నేను పండితుణ్ణని ఎవరూ చెప్పుకోరు కదా!

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత పరిస్థితి మరింత మారింది. ఇప్పుడు 8,000 రూపాయలు కూడా అక్కరలేదు. అడిగితే యంత్రమే రాసిపెడుతుంది. దాన్ని వాడటం తప్పా అని మా మేనల్లుడు నన్ను ఫత్వా అడిగినట్టే అడిగాడు. నేను చెప్పినది ఇది: నిఘంటువు చూడటం తప్పు కాదు, తోటివాణ్ణి అడగడం తప్పు కాదు. చేయని పనిని చేశానని చెప్పడం మోసం, అంగట్లో తడిసిన ధాన్యం మీద పొడి ధాన్యం కప్పడంలాంటిదే. సహాయం తీసుకున్న చోట తీసుకున్నానని రాసిపెట్టు. నీ పేరు మీద ఉన్న ప్రతి పంక్తినీ నిద్రలో లేపి అడిగినా వివరించగలిగేలా ఉండు. అతడు ఈ రెండు షరతులనూ ఒప్పుకున్నాడు. మొదటి పని, పాత ప్రాజెక్టును రెజ్యూమె నుండి తీసివేశాడు. రెండవ పని, ఇంటికి వెళ్లి తల్లికి నిజం చెప్పాడు. ఆమె ఏమన్నదో నేను అడగలేదు. మరునాడు మాత్రం నాకు ఫోను చేసి, "భాయీజాన్, ఈసారి మీ కళ్లముందు చేయించండి" అన్నది.

అలా మేము ఒక కాగితం తీసుకుని ఏ ప్రాజెక్టు చేయాలో ఆలోచించడం మొదలుపెట్టాము.

మొదట రాసినది దుకాణం ఖాతా. మా బావగారికి బస్టాండు దగ్గర కిరాణా దుకాణం ఉంది. అరువు ఇచ్చిన లెక్కలన్నీ పొడవాటి పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకాన్ని ఫోనులోకి ఎక్కించే ప్రోగ్రాము చేస్తే బాగుంటుందని కుర్రవాడి ఊహ. ఊహ మంచిదే. దగ్గర్లో వాడేమనిషి ఉన్నాడు, అవసరం నిజమైనది. అయితే బావగారిని అడిగితే ఆయన నవ్వి, "ఎవరెంత బాకీ ఉన్నారో నాకు పుస్తకం కూడా అక్కరలేదు, మొహం చూస్తే చెబుతాను. అయినా బేరం జరిగేటప్పుడు ఫోనులో అంకెలు నొక్కుతూ కూర్చుంటే గిరాకీ పక్క దుకాణానికి పోతాడు" అన్నారు. ఈ ఒక్క మాట వినడం వల్ల నెల రోజుల శ్రమ తప్పింది. ఒక పనిని ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషిని ముందుగా అడగడం ప్రాజెక్టు ఎంపికలో సగం పని అని ఆ రంగంలో ఉన్న నా విద్యార్థి ఒకడు తరువాత చెప్పాడు. ఆ సంగతి మా బావగారు ఏ కోర్సూ చదవకుండానే నేర్పారు.

రెండవది నమాజు వేళల పట్టిక. ఇందులో లెక్క సొగసైనది. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. హైదరాబాదు సుమారు 78.5 డిగ్రీల వద్ద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున నాలుగు డిగ్రీలకు 16 నిమిషాలు. కాబట్టి అక్కడ జవాల్ సగటున 12 గంటల 16 నిమిషాలకు వస్తుంది. సగటున అనడం ఎందుకంటే భూమి కక్ష్య వల్ల, దాని వాలు వల్ల నవంబరు ఆరంభంలో అది దాదాపు 12 గంటలకే వస్తుంది, ఫిబ్రవరి మధ్యలో 12.30 దాకా పోతుంది. ఫజ్ర్, ఇషాలకు సూర్యుడు దిగంతం కింద 18 డిగ్రీలు ఉండాలని కొందరు, 15 అని కొందరు లెక్కగడతారు. హనఫీలకు అస్ర్ వేళ నీడ రెండింతలైనప్పుడు, షాఫయీలకు ఒక ఇంత అయినప్పుడు. ఇదంతా స్వయంగా లెక్కగట్టి రాస్తే గొప్ప ప్రాజెక్టే. కానీ ఈ లెక్కను ఎవరో ముందే రాసిపెట్టిన సామగ్రి ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తెచ్చి తగిలిస్తే రెండు పంక్తుల్లో పని అయిపోతుంది. "మరి నువ్వు చేసిందేమిటి?" అని అడిగితే జవాబు ఉండదు. స్వయంగా రాయడానికి త్రికోణమితి కావాలి. మావాడికి అది చేదు. త్రికోణమితి ఇష్టమైన పిల్లలు ఎవరైనా ఉంటే ఇది తప్పక ఎంచుకోవచ్చు.

మూడవది వారసత్వ పంపకం, అంటే మీరాస్. ఈ ఆలోచన అతడిదే. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరెవరో వచ్చి, ఫలానావారు చనిపోయారు, భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి ఉన్నారు, ఎవరికెంత వస్తుందని నన్ను అడగడం, నేను కాగితం మీద గీతలు గీసి లెక్క వేయడం అతడు చూశాడు. "మామూ, మీరు కాగితం మీద చేసేదాన్నే నేను రాస్తాను. తప్పయితే చెప్పడానికి మీరున్నారు" అన్నాడు. ఆ మాటతో ఎంపిక పూర్తయింది. ఇలాంటి వెబ్‌సైట్లు ఇదివరకే ఉన్నాయి కదా అని అతడి స్నేహితుడు ఒకడు నీరుగార్చబోయాడు. ఉంటే ఉండనీ. లోకంలో లేని వస్తువును కనిపెట్టమని ఉద్యోగమిచ్చేవారు కొత్త కుర్రవాణ్ణి అడగరు. తాను చేసినది తప్పో ఒప్పో తానే తేల్చుకోగలడా అని చూస్తారు.

ఈ విద్య మన పూర్వులు లెక్కలకు ఎంత దగ్గరగా ఉండేవారో చెబుతుంది. తొమ్మిదవ శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ బీజగణితానికి పేరు తెచ్చిన గ్రంథం రాశాడు. అందులో చాలా పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ లెక్కలకే కేటాయించాడు. ప్రోగ్రాములు రాసేవారు రోజూ పలికే "అల్గారిథమ్" అన్న మాట ఆయన పేరు నుండే పుట్టింది. మా మద్రసాలలో ఈ విషయానికి పాఠ్యగ్రంథం సజావందీ రాసిన సిరాజీ. దాన్ని విలియం జోన్స్ 1792లో కలకత్తాలో ఆంగ్లంలో ప్రచురించాడు. 1937 నాటి షరీఅత్ చట్టం వల్ల నేటికీ ముస్లిముల వారసత్వ తగాదాలలో కోర్టులు ఈ లెక్కలనే చూస్తాయి.

పని మొదలుపెట్టేముందు హద్దు గీసుకున్నాము. భర్త, భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి, తండ్రి, ఒకే తల్లిదండ్రుల సోదర సోదరీమణులు, తల్లి ఒకరే అయి తండ్రి వేరైన సోదర సోదరీమణులు. ఇంతవరకే. తాత, సోదరులు కలిసి వచ్చే సమస్యలో సహాబాల కాలం నుండే భిన్నాభిప్రాయాలున్నాయి. అలాంటివి వస్తే "ఆలిమ్‌ను సంప్రదించండి" అని చెప్పి ఆగిపోవాలి. హనఫీ మజ్‌హబ్ ప్రకారమే లెక్క. ఆరు వారాల గడువు. ఈ హద్దు గీయడం కుర్రవాడికి మొదట నచ్చలేదు. అన్ని మజ్‌హబ్‌లు, అన్ని భాషలు, ఫోనుకొకటి, కంప్యూటరుకొకటి అని పెద్ద కలలు కన్నాడు. చిన్నదైనా పూర్తయిన ఇంట్లో మనిషి నివసించగలడు, పునాదుల దగ్గర ఆగిన మేడలో కాదు అని చెప్పి ఒప్పించాను.

అన్నిసా సూరాలోని 11, 12, 176 ఆయతులలో వచ్చే నిర్ణీత వాటాలు ఆరు: సగం, పావు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు, మూడవ వంతు, ఆరవ వంతు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు రాసుకున్న కాపీ ఒకటి పెట్టె అడుగున దొరికింది. అందులోనుండి జవాబుతో సహా 40 సమస్యలు అతడికి ఇచ్చాను. వాటినే అతడు పరీక్షలుగా రాసిపెట్టుకున్నాడు. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా ఒక మీట నొక్కగానే 40 సమస్యలూ కంప్యూటరు తానే చేసి, నా కాపీలోని జవాబులతో పోల్చి, ఏవి తప్పాయో చూపిస్తుంది. నా పదిహేనేళ్ల వయసు నాటి చేతిరాత ఇలా అక్కరకు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

మొదటి రోజే ఒక వింత జరిగింది. చనిపోయిన స్త్రీకి భర్త, తల్లి, తల్లి వైపు సోదరుడు ఒకడు ఉన్నారు. భర్తకు సగం, తల్లికి మూడవ వంతు, సోదరుడికి ఆరవ వంతు. మూడూ కలిపితే సరిగ్గా ఒకటి. చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. కానీ ప్రోగ్రాము మాత్రం ఆస్తి ఇంకా మిగిలి ఉందని చెప్పింది! చూడగా, కంప్యూటరు ఆ మూడింటినీ కలిపి 0.9999999999999999 అని తేల్చింది. అది దశాంశాలను రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది కనుక మూడవ వంతును పూర్తిగా పట్టుకోలేదు, 0.1కి 0.2 కలపమన్నా 0.30000000000000004 అంటుంది. "మిగిలితే రద్ చేయి" అని కుర్రవాడు రాసిన ఆజ్ఞ ప్రకారం ఆ లేని మిగులును పంచడానికి సిద్ధమైంది. తెలుగులో రద్దు అంటే కొట్టివేత. మా ఫిఖ్‌హ్‌లో రద్ అంటే మిగిలినదాన్ని వాటాదారులకే తిరిగి ఇవ్వడం. ఒకే మాట, రెండు ఇళ్లు. చివరకు పైథాన్‌లో భిన్నాలను భిన్నాలుగానే ఉంచే ఫ్రాక్షన్స్ అనే సదుపాయం ఉందని తెలుసుకుని లెక్కంతా మళ్లీ రాశాడు. రెండు రోజులు పట్టింది. మన ఫరాయిజ్ పండితులు దశాంశాల జోలికి పోకుండా మొదటినుండీ పూర్ణాంకాలతోనే లెక్కగట్టారని నేను కొంచెం గర్వంగానే గుర్తుచేశాను.

రెండవది ఔల్. భర్త, ఒకే తల్లిదండ్రుల ఇద్దరు సోదరీమణులు. భర్తకు సగం, సోదరీమణులకు మూడింట రెండు. కలిపితే 7/6, అంటే ఆస్తిని మించిన వాటాలు. మావాడి ప్రోగ్రాము 7,00,000 రూపాయల ఆస్తిలో భర్తకు 3,50,000, సోదరీమణులకు 4,66,667 ఇచ్చేసింది. లేని 1,16,667 ఎక్కడినుండి వచ్చాయని అడిగితే తల గోక్కున్నాడు. ఇలాంటి చోట మూలసంఖ్య 6ను 7కు పెంచి అందరి వాటాలనూ సమానంగా తగ్గించడమే ఔల్. అప్పుడు భర్తకు 3,00,000, సోదరీమణులకు 4,00,000. మూలసంఖ్యలు ఏడే: 2, 3, 4, 6, 8, 12, 24. వీటిలో ఔల్ అయ్యేవి మూడే. 6 అనేది 7, 8, 9, 10కి. 12 అనేది 13, 15, 17కి. 24 అనేది 27కు. ఇంతకు మించి పోదు. నేను కంఠస్థం చేసిన ఈ ముక్క చెప్పగానే అతడి కళ్లు మెరిశాయి. "అయితే మామూ, ఔల్ అయ్యే దారులన్నీ ఎనిమిదే. ఎనిమిదింటికీ ఒక్కొక్క పరీక్ష రాస్తే ఈ భాగం ఇక తప్పదు" అన్నాడు. ప్రోగ్రాము రాసేవాడి బుద్ధి అంటే ఏమిటో నాకు ఆనాడు కొంత తెలిసింది.

మూడవ పొరపాటు లెక్కలో లేదు, క్రమంలో ఉంది. అంత్యక్రియల ఖర్చు, ఆ తరువాత అప్పులు, ఆపైన వీలునామా, ఆ మీదటే వారసులు. వీలునామా చెల్లేది అప్పులు తీర్చగా మిగిలినదానిలో మూడవ వంతు వరకే. 12,00,000 ఆస్తి, 3,00,000 అప్పు ఉంటే వీలునామాకు పరిమితి 3,00,000. కుర్రవాడు అప్పు తీసివేయకముందే మూడవ వంతు కట్టి 4,00,000 అన్నాడు. దీన్ని 40 సమస్యలలో ఏదీ పట్టుకోలేదు. నా కాపీలో వీలునామా సమస్యలు లేకపోవడమే కారణం. నేను ఊరికే ఒక లెక్క ఇచ్చి చూస్తే బయటపడింది. పరీక్షలన్నీ నెగ్గినంత మాత్రాన పని సరైనదని కాదని ఇద్దరమూ ఒకేసారి నేర్చుకున్నాము.

ఈ పొరపాట్లన్నింటినీ అతడు దాచలేదు. గిట్‌హబ్‌లో ప్రాజెక్టుతో పాటు రీడ్‌మీ అనే పరిచయ పుట ఉంటుంది. చూసేవారు మొట్టమొదట చదివేది అదే, చాలామంది చదివేది అదొక్కటే. ఇది ఏమి చేస్తుంది, ఎవరి కోసం, ఏమి చేయదు, ఎలా నడపాలి, ఏ పొరపాటు ఎలా దొరికింది అని ఒకటిన్నర పుటలో సాదా ఆంగ్లంలో రాశాడు. ఇది ఫత్వా కాదని మొదటి పేరాలోనే పెట్టించాను. ముస్లిమేతరులైనవారు కూడా చదివి అర్థం చేసుకోవాలి కనుక ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుని లెక్క వివరించాడు. నొక్కితే తెరుచుకునేలా వెబ్‌లో ఒక లింకు కూడా పెట్టాడు. ఇంటర్వ్యూ చేసేవారికి కోడు దించుకుని నడిపించి చూసే తీరిక ఉండదు.

ఇక్కడ మరొక అనుభవం చెప్పక తప్పదు. కొన్నేళ్ల కిందట మా మద్రసాలో హిఫ్జ్ పూర్తిచేసి, ఆ తరువాత కంప్యూటరు నేర్చిన యువకుడొకడు మా విద్యార్థుల హాజరు, ఫీజు రాయితీల ప్రోగ్రాము తయారుచేశాడు. ఉద్దేశం మంచిది. కానీ ఉద్యోగానికి చూపించుకోవాలని దాన్ని అందరికీ కనిపించే చోట పెట్టినప్పుడు అందులో పిల్లల అసలు పేర్లు, తండ్రుల ఫోను నంబర్లు, ఎవరు అనాథలు, ఎవరికి జకాత్ నుండి ఫీజు కడుతున్నామన్న వివరాలు అన్నీ ఉన్నాయి. నెల రోజుల తరువాత గాని మాకు తెలియలేదు. అప్పుడు తొలగించాడు, అయితే గిట్‌లో పాత మార్పుల చరిత్ర కూడా ఉంటుంది కనుక పైపైన చెరిపితే పోదు, మొత్తం ప్రాజెక్టునే తీసివేయవలసి వచ్చింది. మధ్యలో ఎవరు చూశారో అల్లాహ్‌కే తెలుసు. ఒక పేదవాడి సాయాన్ని పొరుగువాడికి తెలియకుండా ఇవ్వడానికి మనం ఎంత జాగ్రత్త పడతాము! ప్రాజెక్టులో పెట్టే పేర్లు, అంకెలు అన్నీ కల్పితమే అయి ఉండాలి. ఆసుపత్రిలో, బ్యాంకులో, పాఠశాలలో పనిచేసే బంధువుల నుండి తెచ్చిన అసలు పట్టికలు ముట్టుకోకూడదు. ఉద్యోగమిచ్చేవారు కూడా దీన్ని గమనిస్తారు. రేపు తమ ఖాతాదారుల వివరాలను ఈ కుర్రవాడు ఇలాగే పెడతాడేమోనని సందేహిస్తారు.

ఏ ఉద్యోగం కోరుతున్నామో దానిని బట్టి ప్రాజెక్టు ఉండాలన్నది కూడా చాలామంది మరిచిపోతున్నారు. మా వీధిలోని ఒక అమ్మాయి వెబ్ పుటల రూపకల్పన నేర్చుకుంది. మేనల్లుడి వెబ్ పుటను చూసి, "అంకుల్, దీన్ని తెలుగులో, ఉర్దూలో నేను చేస్తాను" అని ముందుకు వచ్చింది. ఒకే పుటలో తెలుగు ఎడమ నుండి, ఉర్దూ కుడి నుండి నడవాలి. మధ్యలో అంకెలు, భిన్నాలు వస్తే గీత అటుదిటు అయిపోతుంది. నస్తాలీఖ్ అక్షరాల అడుగులు కింది వరుస మీద పడతాయి. ఈ చిక్కులన్నీ విప్పి చక్కని పుట తయారుచేసింది. లెక్క ఆమెది కాదు, రూపం ఆమెది. ఇద్దరూ ఎవరి భాగం ఎంతో రీడ్‌మీలో స్పష్టంగా రాసుకున్నారు. కలిసి చేసిన పనిలో తన వంతు చెప్పుకోవడం చిన్నతనం కాదు. ఆడపిల్లలను ఇంటర్వ్యూలకు పంపడానికి తటపటాయించే తల్లిదండ్రులకు ఒక మాట: ఇంట్లో కూర్చుని చేసిన పనిని లోకానికి చూపించగలిగే విద్య ఇది. కనీసం చేయనివ్వండి.

మా మేనల్లుడు ఆ తరువాత నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాడు. రెండింటిలో ప్రాజెక్టు గురించి అసలు అడగనే లేదు. ఏవో పజిళ్లు ఇచ్చి పంపేశారు. అలాంటివీ ఉంటాయి, అందరికీ చెప్పి ఉంచడం మంచిది. మూడవదానిలో అడిగారు గాని ఉద్యోగం రాలేదు. నాలుగవది సాఫ్ట్‌వేరును పరీక్షించే ఉద్యోగం. అక్కడ ఎదుట కూర్చున్న పెద్దమనిషికి మన వారసత్వ శాస్త్రం పేరు కూడా తెలియదు. ఆయన అడిగింది ఒక్కటే: "నీ లెక్క సరైనదని నీకెలా తెలుసు?" కుర్రవాడు 40 సమస్యల పట్టిక, ఔల్ ఎనిమిది దారులు, 0.9999999999999999 కథ చెప్పాడు. వీలునామా పొరపాటును తన పరీక్షలు పట్టుకోలేకపోయాయని కూడా చెప్పాడు. ముప్పావు గంట మాట్లాడారట. రెండు వారాల తరువాత పిలుపు వచ్చింది. జీతం అనుకున్నదానికంటే తక్కువే. మొదటి నెల జీతం నుండి 8,000 తీసి తల్లి కుట్టుమిషను సొరుగులో పెట్టి వెళ్లాడు. ఆమె నాకు ఫోను చేసి ఆ సంగతి చెప్పేటప్పుడు మాట సరిగా రాలేదు.

ఉద్యోగం వచ్చింది కదా, ఇక ప్రాజెక్టును పక్కన పెడతాడనుకున్నాను. మొన్న ఇషా తరువాత ఫోను చేశాడు. సిరాజీ చదివినవారందరికీ తెలిసిన పదిహేడుగురు స్త్రీల సమస్యను తన ప్రోగ్రాముకు ఇచ్చి చూశాడట: ముగ్గురు భార్యలు, ఇద్దరు నాయనమ్మ అమ్మమ్మలు, తల్లి వైపు సోదరీమణులు నలుగురు, ఒకే తల్లిదండ్రుల సోదరీమణులు ఎనిమిది మంది. 12 అనేది 17కు ఔల్ అవుతుంది; 17 దీనార్ల ఆస్తిలో ప్రతి ఒక్కరికీ సరిగ్గా ఒక దీనారు వస్తుంది. ప్రోగ్రాము ఆ సమస్యను తీసుకోలేకపోయింది. భార్య అన్న చోట ఉన్నారా, లేరా అని మాత్రమే అడిగేలా రాశాడు, ఎందరని అడిగేలా రాయలేదు. అమ్మమ్మలు, నాయనమ్మలు హద్దులోనే లేరు.

"ఎంత కాలం పడుతుంది?" అని అడిగాను.

"రెండు జుమాలు ఇవ్వండి మామూ. కానీ ముందు మీరు నాయనమ్మ, అమ్మమ్మల నియమాలు ఒకసారి చెప్పండి, రాసుకుంటాను."

కళ్లద్దాలు వెతుక్కుని పాత కాపీ తెరిచాను.